అరవోళ్ళ పడవ

"అమ్మమ్మా, రేపు చెన్నై బండెక్కాలంటే దడగా ఉంది. అక్కడి భాష రాదు, మనోళ్ళంటూ ఒక్కరూ లేరు."

మనోళ్ళు నేరని ఎవులు సెప్పేరే నీకు? ఇలా రా, కూకో. ఫోనులో రికార్డు ఎట్టుకుంటావా? ఎట్టుకో. మీ తాత మాట సెప్తాను.

మీ అమ్మ అప్పటికి పాలు తాగతంది... కాదు కాదు, నడిసేత్తంది. మీ తాత, మా మరిది ఏటకెల్లేరు. డీజిలు అప్పుడు ఇంత పిరెం కాదులే. నడి సముద్రంలో ఇంజను ఆగిపోనాది. సెల్లుఫోన్లు నేవు కదా మరి. రావలసిన నాడు రానేదు. నాను ఒడ్డునే కూకున్నాను, ముద్ద దిగితే ఒట్టు.

ఆ కాలంలో అరవోళ్ళంటే మన జాలరిపేట మండిపడీది. ఆళ్ళ పెద్ద పడవలు ఇటొచ్చి మన వలలు సింపీసీవి, తెలుసా. అందుకని ఓ కట్టుబాటు ఎట్టుకున్నారు. ఆళ్ళ పడవ దొరికిందంటే ఇంజను తిప్పే హేండిలు లాక్కుని కులపెద్దకిచ్చీడం. తగువు తీరీదాకా పడవ కదల్దు.

ఓ పొద్దున్న అరవోళ్ళ పడవొకటి తిన్నగా మన ఒడ్డుకే వత్తంది. కుర్రోళ్ళకి ఇంకేటి కావాల? ఎదురెల్లి సుట్టీసేరు, హేండిలు లాగీసేరు. అప్పుడు సూసేరు, దానెనకాల తాడు కట్టి మీ తాత పడవ, అందులో అన్నదమ్ములిద్దరూ! నీల్లల్లోకి పరిగెట్టేను నాను. మీ తాత బక్కసిక్కిపోయి, పెదాలు పగిలిపోయి... ఏడుపాగితేనా నాకు.

హేండిలు తిరిగిచ్చీవాల కదా మరి? ఇయ్యనేదు! మా మేనమావే కులపెద్ద, సానా మొండోడు. "మంచి సేసేరు, కాదనను. ఒకడ్ని వదిలీత్తే రేపు అందరూ వత్తారు" అన్నాడు. మీ తాతని అడిగేడు, "నీకు అరవం రాదు కదా, ఆళ్ళకేటి సెప్పేవు?"

"ఏటీ సెప్పనేదు మావా. పంద్రాగస్టుకి కట్టిన జెండా మన పడవకి అలగే ఉండిపోనాది కదా. అది సూసే వొచ్చేరు. దాన్ని ఏలెట్టి సూపించి 'నమ్మాళు, నమ్మాళు' అన్నారు. మనోడని ఆళ్ళ మాటట."

పెద్దల కాడ ఆడోళ్ళు నోరిప్పరు మనలో. నాకు ఒళ్ళు మండిపోనాది. నెగిసి నిలబడి అడిగీసేను. "మావా, ఆళ్ళు మన నీల్లల్లోకి రాడం తప్పయితే, నా మొగుడు ఇంటికి రాడం కూడా తప్పే. ఈడు ఎక్కడ దొరికేడో అక్కడికే తీస్కెల్లి దింపీసి రండి. అప్పుడు ఉంచుకోండి హేండిలు."

అందరూ గొల్లున నవ్వేరు. మా మావ నవ్వనేదు. నెగిసి ఎల్లి, హేండిలు తెచ్చి, ఆ పడవ పెద్దాయన సేతిలో ఎట్టేడు. ఎట్టి, ఆ సెయ్యి వదల్నేదు. అలగే పట్టుకుని మా ఇంటికి తీసుకొచ్చి "అన్నం ఎట్టే" అన్నాడు.

సేపల పులుసు ఎట్టేను. కళ్ళంట నీల్లు కారిపోతన్నా తిన్నారే పాపం, మన కారానికి!

వలల తగువులు ఆగిపోనాయా అంటే, ఆగనేదు. అన్నదమ్ములు కొట్టుకోరేటి? కానీ ఎంత మంచోళ్ళే ఆళ్ళు! ఏట మానుకుని, వల ఎత్తీసి, డీజిలు తగలేసుకుని వొచ్చేరు. మీ అమ్మకి నాన్న మిగిలేడంటే ఆళ్ళ పున్నెమే.

అక్కడ నీకు ఎవులైనా సాయం సేత్తే పేరడుగు, మర్సిపోకు. ఆ పెద్దాయన పేరు అడగనేనేదు మనం. మీ తాత బతికున్నన్నాళ్ళూ దీపం ఎట్టి, పేరు తెలీక, "ఆ మనోడు సల్లగుండాల సామీ" అని దండం ఎట్టీవోడు.

నువ్వూ సల్లగుండాల తల్లీ...