జైతూన్‌బీ తడిపిన కమాను

పాడుబడిన మసీదు వెనక చింతచెట్టు కింద బావి ఉందే, దాని పక్కగా పోతే చేను నాలుగడుగుల్లో వస్తుంది గదా, మరి మీరంతా వంక చుట్టూ తిరిగి ఎందుకు పోతున్నారు? ఏం పెద్దోబులేసూ, పట్నంలో చదివొచ్చినావు, నువ్వు చెప్పు. దయ్యాల్లేవంటివే, నిన్న నీ మేక అటు పోతే గట్టు మీద నిలబడి కేకలేసినావు గానీ, కాలు ముందుకు పెట్టినావా?

నవ్వింది చాలు, వినండి. మా జేజమ్మకు వాళ్ల జేజమ్మ చెప్పిన మాట. కోటకు అధికారిగా కిల్లేదారు ఉన్న కాలంలో బుడన్ సాబ్ అనే మేస్త్రీ ఆ మసీదు కట్టినాడు. ముందర మూడు కమాన్లు, పడమటి గోడలో నమాజు దిక్కు చూపే గూడు, పైన గుమ్మటం. ఎక్కడన్నా ఒక్క ఇనుప చువ్వ కనపడిందా మీకు? గానుగలో ఆడించిన సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపి, ఆసరాకు కింద మన్ను దట్టించి, దాని మీద కమాను రాళ్లు పేర్చినారు. ఇంక నలభై దినాలు పూటపూటకూ తడపాల. ఎండకు ఒక్కసారిగా ఆరిందా, సున్నం పిండై రాలిపోతుంది. ఆ నీళ్లు మోసే పని మేస్త్రీ కూతురు జైతూన్‌బీది.

నలభయ్యో దినం రంజాను పండగ. ఆ పొద్దు మన్ను తీసేకొద్దీ మేస్త్రీ నడికమాను కిందే నిలబడాలని, కూలితే వాని మీదే కూలాలని కిల్లేదారు హుకుం. నాయిన ప్రాణం తన బిందెలో ఉందని ఆ పిల్లకు తెలుసు. పద్దెనిమిదో దినం చేదతాడు తెగి ఆ పిల్ల బావిలో పడి చచ్చిపోయింది.

ఇంకేముంది, కూలోళ్లు భయపడి అటు పోలేదు, మేస్త్రీ గడప దాటలేదు, రోహిణి ఎండ భగభగా కాసింది, ఇరవైరెండు దినాలు ఒక్క చుక్క పోసినోళ్లు లేరు. పండగ పొద్దు బుడన్ సాబ్ తనంతట తనే వచ్చి కమాను కాడ నిలబడినాడంట, చావడానికే వచ్చినాడు పాపం. మన్ను తవ్వినారు. తవ్వేకొద్దీ తడి మన్నే వచ్చింది! అంతా తీసేసినా కమాను కదల్లేదు, కిందికి పోయి నిలబడిన ఆయన నెత్తిన ఒక్క నీటిచుక్క మాత్రం పడింది. చూస్తే బావి కాణ్ణించి కమాను దాకా బండల మీద చిన్నచిన్న తడి అడుగులు, అటు పోయినవి, ఇటు వచ్చినవి. కిల్లేదారు చెప్పులు విడిచి వెనక్కి జరిగినాడంట. మేస్త్రీ పైకి చూసి, “చాలు తల్లీ, ఇంక ఆరనీ” అన్నాడంట.

ఆ మాట ఆ పిల్లకు వినపడిందో లేదో. ఈనాటికీ ఎంత ఎండలోనైనా నడికమాను చెమర్చే ఉంటుంది, ఆ బావిలో చేద వేస్తే తాడు పైకి రాదు.

ఇప్పుడు బాగుచేస్తామని ఎవరో రేపు ఆ కమానుకు సిమెంటు పూస్తారంట. ఊపిరాడక లోపలి తడి లోపలే ఉంటే గోడ ఉబ్బి పగిలిపోదా? చచ్చి కూడా ఆ పిల్ల నిలబెట్టిన కమానును మనం బతికుండి కూల్చుకుందామా? తెల్లారినాక అందరూ పోండి, బస్తాలు దించనీకుండా అడ్డం నిలబడండి. బావి కాడికి మాత్రం పోవద్దు. దప్పికైతే ఇంటి నీళ్లు చెంబుతో తీసుకుపోండి.