చేత్తో మూడు చుట్లు

హలో… ఆ, నేనేనమ్మా జాయ్స్, బావగారినే. చెప్పు.

…ఇక్కడా. పొద్దున్నుంచీ మబ్బు పట్టే ఉంది. కురవదు, విచ్చదు. ఏడింటికి షట్టరెత్తి చూస్తే కొండమీది బంగళాల వెనక బూడిద రంగు తప్ప ఏమీ లేదు… మోతీనగర్లో చినుకులా. అయితే ఆరేసినవి లోపలికి తెచ్చుకో.

…బండా.

…అయిందనే చెప్పాలి. కాలేదనీ చెప్పాలి.

…నాని రేపు పొద్దున్నే వస్తాడా. రానీ. నీ తమ్ముడు నడిపితే నాకేం బాధ. మన చంటి పోయాక వాడి బండి మూడు నెలలు షెడ్డు మూల పట్టా కింద పడుండటం నాకు మాత్రం బాగుందా. అది కాదమ్మా…

ఒక్క నిమిషం. — ఏంటి బాబూ?… సాయంత్రం రా. నీ స్కూటరు ఎక్కడికీ పారిపోదులే. పారిపోయే ఓపికుంటే నా దగ్గరికెందుకొస్తుంది. — ఆ, చెప్పమ్మా.

…లేదు, ఇంజను బాగానే ఉంది. ఒక్క కిక్కుకే అందుకుంది. కింద ఆయిలు దించే బోల్టుంటుంది, అక్కడ మర పోయింది… మర అంటే, పచ్చడి సీసా మూత లోపల గీతలుంటాయి చూడు, తిప్పితే పట్టుకుంటాయి. అలాంటివే. అవి అరిగిపోతే బోల్టు వట్టిగా తిరుగుతుంది, ఆయిలు కారుతుంది.

…ఆ, అదే. వానలు మొదలైనప్పుడు నేను వాణ్ణి మాటన్నది ఆ బోల్టు దగ్గరే.

…నీకెంత చెప్పాడో నాకు తెలియదు. నేనన్నది నేను చెబుతాను, విను.

వాడే ఆయిలు మార్చుకుందామని బోల్టు విప్పాడు. విప్పితే మర మొత్తం బోల్టుకు అంటుకుని ఊడొచ్చింది. నా దగ్గరికి తెచ్చాడు. షెడ్డులో నలుగురు కూర్చున్నారు, వాడితో సినిమాల్లో చేసే యూనియన్ ఫైటర్లే ఇద్దరున్నారు. వాళ్ళ ముందే అన్నాను. ఫైటరువైతే సెట్లో కొట్టరా, బోల్టునెందుకు కొడతావు అన్నాను. చేత్తో మూడు చుట్లు తిరిగాకే పానా ముట్టుకోమని చిన్నప్పటి నుంచీ చెప్పానుగదా, నీ మొరటు చెయ్యి పాడుగాను అన్నాను.

…నవ్వారు. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు.

అన్నా, ఒకసారి బోల్టు చూడు అని చెయ్యి చాపాడమ్మా. నేను చూడలేదు. చూడకుండానే, టేపు చుట్టి పెట్టుకుపో, తీరిక దొరికినప్పుడు చూస్తానన్నాను. అదే బోల్టుకి టేపు చుట్టుకుని పోయాడు. మళ్ళీ షెడ్డుకి రాలేదు.

…అదే చెప్పబోతున్నా. ఆగు.

మొన్న కళ్ళద్దాలు పెట్టించుకున్నాగా. ఇంట్లో మీ ధనమ్మక్క పోరు పడలేక. ఇవాళ అవి పెట్టుకుని ఆ బోల్టు విప్పి కిరసనాయిల్లో కడిగాను. జిడ్డు పోయింది, టేపు పోయింది. బోల్టు తల మీద పసుపు చుక్క.

…పెయింటు చుక్క. నా చేత్తో బిగించిన ప్రతి బోల్టుకీ పెడతాను, ఇది అయిపోయిందని గుర్తుకి. ఈ ఫిల్మ్‌నగర్లో ఇంకెవరూ పెట్టరు.

కొత్త బోల్టు తెచ్చి దాని పక్కన ఆనించి వెలుతురుకి పట్టుకుని చూశాను. పళ్ళలో పళ్ళు కూర్చోలేదు. అది ఆ బండి బోల్టే కాదు. వేరే బండిది. దాని మర వేరు. ఈస్టరు ముందు వారం ఆయిలు మార్చింది నేనే. బోల్టుల డబ్బాలోంచి ఏదో తీసి పెట్టుంటాను. చేత్తో తిరిగుండదు. తిరక్కపోతే పానా వేసి తోసుంటాను. మర అప్పుడే తెగింది. పైన చుక్క కూడా పెట్టాను.

వాడు కాదమ్మా. నేను.

…

…వింటున్నావా.

…ఏమన్నావు?

…మళ్ళీ చెప్పు.

…తెలుసా. వాడికి తెలుసా. ఎప్పటి నుంచి?

…విప్పిన రోజే… మీ ఇంటి దగ్గరే… నీకూ చూపించాడా చుక్క.

…మరి నేను అంతమందిలో అంటుంటే నవ్వాడేంటి. అన్నా, ఇది నీదే అంటే పోయేదిగా. ఒక్క మాట.

…

…ఊఁ.

…ఊఁ.

…"అన్నకి దగ్గరివి కనపడటం లేదు. ఆ మాట షెడ్డులో నలుగురి ముందు బయటపడితే రేపటి నుంచి అన్న చేతికి ఎవరూ బండి ఇవ్వరు"… అలా అన్నాడా.

…

…లేదు. ఉన్నా. ఇక్కడే ఉన్నా.

చెయ్యి చాపింది అందుకన్నమాట. నాకొక్కడికే కనపడాలని చాపాడు.

…కోపం లేదా. మరి రాలేదేం… అవుట్‌డోరా. రాజమండ్రిలో నలభై రోజులు. నాకా సంగతి తెలియదు… వాడు ఫోను చెయ్యలేదు సరే, నేనూ చెయ్యలేదుగా. పెద్దవాణ్ణి, నేనెందుకు చెయ్యాలనుకున్నాను. రోజూ సాయంత్రం ఆ మలుపు కేసి చూసేవాణ్ణి, హారను వినిపిస్తే వాడిదేమోనని. వాడొస్తే మాట్లాడకూడదని కూడా అనుకునేవాణ్ణి. తర్వాత నువ్వు ఫోన్ చేశావు, జ్వరం అని. ఆసుపత్రికి వచ్చేసరికి వాడికి మాట లేదు. కళ్ళు మాత్రం తెరిచి చూశాడు.

…నువ్వు ఏడవకు. నేనేడవడం లేదు.

…బండా. తొలిచాను. పాత మర మొత్తం తొలిచేసి, కొంచెం పెద్దగా కొత్త మర కోశాను. బోరబండ వెళ్ళి ఉక్కు స్ప్రింగు తెచ్చి అందులోకి దింపాను. ఆ చుట్టలే ఇక బోల్టుకి మర. పాతదానికంటే గట్టిగా పట్టుకుంటుంది.

…కొత్త బోల్టొక్కటే. అదే బిగించలేదు. పన్నెండింటి నుంచీ చేతిలోనే ఉంది. పెట్టబోతాను, మానేస్తాను. నా చెయ్యి మీద నాకు నమ్మకం లేదమ్మా. నాని బిగించుకుంటాడులే, పానా ఇస్తాను.

…నేనే బిగించాలా.

…ఇప్పుడా. నువ్వు వింటుండగా.

…సరే. ఫోను స్పీకర్లో పెట్టి కింద పెడుతున్నా. నడుం వంగితే లేవడం ఆలస్యం, నువ్వు పెట్టెయ్యకు.

…

ఒకటి… తిరిగింది.

రెండు.

…

మూడు. చేత్తోనే తిరిగిందమ్మా. నాలుగోదీ తిరుగుతోంది… ఇప్పుడు పానా.

…చాలు. ఇంతకంటే వద్దు.

…చుక్కా. వద్దనుకున్నాను.

…వాడు ఆ పాత చుక్కని తుడవలేదంటావా. టేపు చుట్టేటప్పుడు కూడా… "అన్న గుర్తు, ఉండనీ" అన్నాడా.

…

…పెట్టాను. కొంచెం పక్కకి పోయింది. పర్లేదులే.

…టైమా. రెండు దాటింది. నువ్వు తిన్నావా… పొద్దున్నుంచీనా. అదేంటమ్మా అలా.

…నేనూ తినలేదు. కారేజీ వచ్చింది. తెరవలేదు. వాడూ నాతోనే తినేవాడుగా, మీ ధనమ్మక్క ఇంకా ఇద్దరికే పెడుతోంది. ఆవిడా అనదు, నేనూ అనను. సాయంత్రం సగం అలాగే తీసుకెళతాను, ఆవిడ అలాగే తోముకుంటుంది.

…నువ్వు వెళ్ళి గిన్నె తెచ్చుకో. వెళ్ళు. ఉంటాను.

…

…వచ్చావా. ఏముంది… చారేనా. ఇక్కడ దొండకాయ వేపుడు. వాడైతే ముందు మాడినవి ఏరుకునేవాడు.

…లేదు, ఇంకేం చెప్పను. నువ్వూ ఏం చెప్పకు. పెట్టెయ్యకు, అంతే. కలుపుకో.

…కలుపుకున్నావా.

…ఆ. నేనూ ఫోను రెండో గిన్నె పక్కన పెడుతున్నాను.

…

…

…