పానకాలు ఎక్కిన వ్యాగన్

"చెప్పేవారి గొంతు తడి ఆరకుండుగాక, వినేవారి చెవి మూతపడకుండుగాక, ఊఁ కొట్టే మనిషి ఉన్నంతసేపే కథకు కాళ్ళుంటాయి." ఏ కథకైనా ముందు మా అమ్మమ్మ ఈ మాట అనేది. ఆవిడ కథలకు ఊఁ కొడుతూనే నేను పెరిగాను. ఆ రోజు మాత్రం నేను అడిగింది కథ కాదు, ఒక కొలత.

నూజివీడులో మా మావయ్య మామిడికాయల కొట్లో ఒక పటం ఉంది. అది మా తాతయ్య తమ్ముడు పానకాలు గారిది. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి వేసవిలో ఆయన కాయలకు కాపలాగా గూడ్సు వ్యాగన్‌లో వెళ్ళి, ఊపిరాడక చనిపోయారు. ఆ పటం కింద పెట్టడానికి ఆ వ్యాగన్ నమూనా ఒకటి కట్టి ఇమ్మని మావయ్య నన్ను అడిగాడు. పాత రైలు పెట్టెల నమూనాలు కట్టడం నా వ్యాపకం. అసలు దానిలో నలభై మూడో వంతుకు కుదించి, ప్రతి రేకూ ప్రతి మేకూ విచారించి కడతాను. "రైలువాళ్ళు గాలి ఆడని పెట్టె ఇచ్చి చంపేశారు. కిటికీ అన్నది లేకుండా కట్టు" అన్నాడు మావయ్య. కాని నాకు దొరికిన పాత నక్షాల్లో, పండ్ల కోసం ఇచ్చే వ్యాగన్ల గోడలకు గాలి కిటికీలు ఉన్నాయి. ఆ సరుకు ఎక్కించిన రోజు అక్కడ ఉన్నవారిలో బతికి ఉన్నది అమ్మమ్మ ఒక్కతే. నక్షా ఆవిడ ముందు పరిచి, "ఆ వ్యాగన్‌కి గాలి కిటికీలు ఉన్నాయా, లేవా?" అని అడిగాను. ఆవిడ చెప్పినది చెప్పినట్టుగా ఇక్కడ రాస్తున్నాను.

*

ఉండు, కళ్ళజోడు ఇటివ్వు. ఏదీ... ఇదేంటే, అన్నీ గీతలేనా? బొమ్మ లేదా? ఆఁ, ఇది తలుపు. ఇవి చక్రాలు. నాలుగే, అంతే. ఇప్పటివాటికి ఎనిమిది ఉంటాయటగా. రంగు వేశావా? ఇంకా లేదా. అయితే పాత ఇటుక రంగు వెయ్యి తల్లీ. నిగనిగలాడేట్టు వెయ్యకు. మేం చూసేసరికి దుమ్ము పట్టి, బొగ్గు మసి పట్టి, అక్కడక్కడా తుప్పు లేచి ఉండేది. లోపల నేల చెక్కది. పలకల సందుల్లో వడ్లగింజలు ఇరుక్కుని ఉన్నాయి. కాళ్ళకి గుచ్చుకున్నాయి నాకు. ఇప్పటికీ తెలుస్తుంది.

నూజివీడు స్టేషన్ అంటారు గాని, స్టేషన్ దగ్గర నూజివీడు ఎక్కడుంది? ఊరు ఒక చోట, స్టేషన్ ఒక చోట. తెల్లారగట్ల బండ్లు కడితే ఎండెక్కాక గాని చేరేవాళ్ళం కాదు. ఆడవాళ్ళు స్టేషన్‌కి వెళ్ళడమేంటి అంటావేమో. ఇంకెవరూ వెళ్ళేవాళ్ళు కాదు. నేనే వెళ్ళేదాన్ని. ఎందుకంటే రసాలు సర్దడం మగాళ్ళకి చేతకాదు, బస్తాలు పడేసినట్టు పడేస్తారు. మా నాన్నది కూడా ఇదే వ్యాపారం కదా, ముసునూరు చుట్టుపక్కల తోటలు గుత్తకి పట్టేవాడు. కాయ తొడిమ చూసి ఎన్నాళ్ళకి పండుతుందో చెప్పేదాన్ని. ఇక్కడికి కాపరానికొచ్చాక మా అత్తగారు కాయలు మాగేసే గది తాళంచెవి నా బొడ్డులో పెట్టింది. పదిహేనేళ్ళు నాకప్పుడు. మా తోటికోడలు... కాదులే, తోటికోడలెక్కడిది. పానకాలుకి పెళ్ళి కాలేదుగా. ఏంటో, ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి.

గది మాగేయడమంటే, కింద వరిగడ్డి, దాని మీద కాయ వరస, మళ్ళీ గడ్డి, మళ్ళీ కాయ. అణాకి మోపు గడ్డి వచ్చేది. తలుపు వేసి, సందులన్నిటికీ పేడమట్టి మెత్తేవాళ్ళం. చీమ దూరేంత సందున్నా ఆ పక్క కాయ పండదు. నేను మాగేసిన గదిలో పచ్చికాయ దొరికితే చూపించమనేవారు మావగారు, వచ్చినవాళ్ళతో పందెం కాసేవారు. నాకు మహా గర్వంగా ఉండేది.

ఆ ఏడు నైజాంలో గొడవలు. మైలవరం దారమ్మట జనం మూటాముల్లె నెత్తిన పెట్టుకుని వచ్చేస్తుండేవాళ్ళు. ఏటా నాగపూరు పంపేవాళ్ళం సరుకు, నైజాం మీదుగా పోయే ఆ దారి మూసుకుపోయినట్టే అయింది. మద్రాసు పంపుదామన్నారు మావగారు. నాగపూరైతే దారిలో పండడానికి రోజులు చాలేవి. మద్రాసు దగ్గర. మొదటి వ్యాగన్ వెళ్ళింది, అక్కడి షావుకారు కబురు చేశాడు: నడిమి కాయ బాగుంది గాని, జాలీల పక్కనున్న కాయంతా గాలి తగిలి తోలు ముడతపడి, పచ్చిగా దిగింది, ఇట్టాంటి సరుకు మళ్ళీ పంపొద్దు, అని.

*

జాలీలంటే గాలి కిటికీలే. ఇక్కడ నా కలం ఆగింది. అమ్మమ్మ నక్షాను తన వైపు తిప్పుకుని, ఆ కిటికీల మీద వేలు పెట్టింది.

*

అవును. జాలీలన్నాను. అన్నాను కదా. రాసుకో.

ఒక్కో వైపు రెండు. ఇదిగో, ఈ తలుపుకి ఇటొకటి, అటొకటి, పైన కప్పుకి దగ్గరగా. రేకు పలకలు, వాన లోపలికి రాకుండా కిందికి వాల్చి బిగించారు. నీ కాగితంలో ఎన్ని పలకలు వేశారు? ఏడా? ఏడు కాదే. తొమ్మిది. ఎవరన్నా ఏడంటే నమ్మకు. ఒక్కొక్క సందులో గడ్డి దూర్చింది ఈ వేళ్ళే.

వ్యాగన్‌నే మాగేసే గది చేద్దామన్నది నేను. మీ తాతయ్య కాదు, మావగారు కాదు. నేనే అన్నాను. తండ్రీకొడుకులు ఎంత మెచ్చుకున్నారో!

గడ్డి పేని వెంట్లు చేశాం. బుట్ట బోర్లించి దానిమీద నిలబడి నేను కుక్కుతుంటే, కింద నుంచి పానకాలు ఒక్కొక్క వెంటి అందిస్తున్నాడు. మరిదే గాని నాకంటే రెండేళ్ళు పెద్ద. నోరు ఊరుకునేది కాదు.

"వదినా, ఇట్టా సందు లేకుండా కుక్కుతున్నావు, కాయలతో పాటు నన్ను కూడా మాగేస్తావా ఏంటి?" అన్నాడు.

"మాగితే మంచిదేగా అబ్బాయ్. ఇంకా పులుపు పోలేదు నీకు. కాస్త మెత్తబడితే పిల్లనిచ్చేవాళ్ళు దొరుకుతారు" అన్నాను.

"దొరక్కపోతే మీ చెల్లెలుందిగా."

"మా చెల్లికి పండు కావాలి, పిందెతో ఏం చేసుకుంటుంది?"

మీ తాతయ్య బయట నిలబడి నవ్వుతున్నారు. పానకాలు "చూడు అన్నయ్యా, మీ ఆవిడ నన్ను పిందె అంటోంది" అని కేక.

అప్పుడు గూడ్సు గుమాస్తా గారొచ్చారు. సన్నగా ఉండేవాడు, మెడలో తువ్వాలు. పేరు... పేరు నాకు తెలియదే. గుమాస్తా గారూ అనేవాళ్ళం, అంతే. లోపలికి తొంగిచూసి, "అయ్యయ్యో, అదేంటమ్మా, జాలీలు మూసేస్తున్నారు? కాయకి గాలి ఆడాలనే కదా అవి పెట్టింది! మామూలు పెట్టె పంపుతామంటే, మామిడి సరుకండీ అని బతిమాలి మీ కోసం ఇది తెప్పించాను" అన్నాడు. నేనేమన్నానో తెలుసా? "మాగేసే సంగతి మాకు తెలియదాండీ? మీరు రైలు సంగతి చూసుకోండి" అన్నాను. పదిహేడేళ్ళదాన్ని, పెద్దమనిషిని పట్టుకుని. ఆయన, మీ సరుకు మీ ఇష్టం అని వెళ్ళిపోయాడు.

లోపల మనిషి వెళ్తాడని ఆయనకి తెలియదు. తెలియనిచ్చేవాళ్ళం కాదు. రైలువాళ్ళు ఒప్పుకోరు కదా. కాని కాయల వ్యాపారం చేసే ఇళ్ళన్నిట్లో అదే వాడుక: సరుకుతో ఇంటి మనిషి ఒకడు వెళ్ళాలి, ఎక్కడన్నా బండి ఆగినప్పుడు దొంగలు పడకుండా. తలుపు పక్కన మనిషి కూర్చునేంత చోటు వదిలి, ముందు బుట్టలు అడ్డం పెట్టేవాళ్ళం. ఆయన చూసి వెళ్ళాక మనిషి ఎక్కేవాడు, తర్వాత జవాను వచ్చి తలుపు లాగి సీసం ముద్ర వేసేవాడు. మూడేళ్ళు పానకాలు అట్టాగే నాగపూరు వెళ్ళొచ్చాడు. జాలీకి మొహం పెట్టుకుని ఊళ్ళన్నీ చూసుకుంటూ వెళ్ళేవాణ్ణని చెప్పేవాడు.

ఆ రోజు కూడా నీళ్ళ కూజా, అటుకుల మూట ఇచ్చాను. రోహిణి కార్తె ఎండ. "లోపల చీకటిగా ఉంది వదినా" అన్నాడు. "పడుకో, పనేముంది నీకు" అన్నాను. తలుపు వేశారు.

మీ తాతయ్య ప్యాసింజరు బండిలో ముందే మద్రాసు చేరి, వ్యాగన్ కోసం కాచుకున్నారు. తలుపు తీసింది ఆయనే. పానకాలు కూర్చున్న చోట లేడట. కాయల మీద పాక్కుంటూ వెళ్ళి, జాలీ కింద బోర్లా పడి ఉన్నాడట. గుప్పెట్లో గడ్డి. తొమ్మిదింట్లో ఒక్క సందు... అది కూడా సగమే లాగాడట. నేను గట్టిగా కుక్కాను కదా మరి. మోకాలితో నొక్కి కుక్కాను.

కాయలు కూడా దేనికీ పనికి రాలేదు. పైకి పసుపు, కోస్తే లోపలంతా ఉడికిపోయి, పులిసిన కంపు.

మంచినీళ్ళివ్వు.

నాకు తెలియదా అంటావేమో. అదేనే. తెలుసు! మాగేసిన గది తలుపు తీయగానే లోపలికి పోకూడదు. కొత్తగా వచ్చినప్పుడు నేను పోబోతే మా అత్తగారు జడ పట్టి వెనక్కి లాగింది, "లోపలి ఆవిరి తలకెక్కి పడిపోతావే, కాసేపు గాలాడనివ్వు" అని. ఆ తర్వాత ఎంతమందికి నేనే చెప్పానో, ఆగండి ఆగండి అని. గది దగ్గర తెలిసిన సంగతి వ్యాగన్ దగ్గర నా బుర్రకి తట్టలేదు. కాయల గురించే ఆలోచించాను. మనిషి గురించి ఆలోచించలేదు. ఇన్నేళ్ళలో ఎన్నిరకాలుగా చెప్పుకున్నా అది అంతే.

మీ తాతయ్య ఎవరూ చూడకముందే ఆ గడ్డంతా పీకేశారు. అక్కడి పోలీసులు దొంగతనంగా ఎక్కాడు, ఎండకి పోయాడు అని రాసుకున్నారట. ఇంటికొచ్చి వాళ్ళమ్మతో, "గాలి కిటికీలు లేని పెట్టె అంటగట్టాడమ్మా ఆ గుమాస్తా" అన్నారు. గడ్డి సంగతి తెలిసిన మావగారు కూడా కాదనలేదు. నాతో విడిగా మీ తాతయ్య ఒక్కటే మాట: "ఈ సంగతి నీ నోట రాకూడదు. మా అమ్మ వింటే నువ్వీ ఇంట్లో బతకవు." అప్పటికి నాకు ఐదో నెల.

పదకొండో రోజున ఆ గుమాస్తా గారు మా ఇంటికొచ్చాడు. పలకరించడానికే వచ్చాడు పాపం, చెప్పులు వీధిలోనే విడిచి. అత్తగారు లేచి దోసిలితో దుమ్ము ఎత్తి మొహాన కొట్టింది. "నా బిడ్డని ఊపిరాడని పెట్టెలో పెట్టి పంపావు కదరా, నీ వంశం నాశనం కాను" అని. ఆయన కళ్ళు తుడుచుకుని, "అమ్మా, నేనిచ్చింది..." అన్నాడు. అంతవరకే అన్నాడు. తలుపు చాటున నేనున్నాను. నన్ను చూశాడు. నా పొట్ట చూశాడు. దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

చెప్పొచ్చు కదే ఆయన! చెప్పలేదు. నేను నోరు తెరిచి, ఆయన తప్పేం లేదు అత్తయ్యా అనొచ్చు. అనలేదు. ఆ తర్వాత సంతలో కూడా ఆయన్ని చూసి జనం ఉమ్మేవాళ్ళట. మళ్ళీ సీజను రాకముందే ఎటో మార్పించుకుని వెళ్ళిపోయాడు. పెళ్ళాం బిడ్డలున్నారో, ఏమయ్యారో. అత్తగారు పోయేదాకా రోజూ దీపం పెట్టి ఆయన్ని తిట్టేది. నేను పక్కన నిలబడి ఒత్తులు అందించేదాన్ని.

నాకు మగపిల్లాడు పుట్టాడు. పానకాలే మళ్ళీ వచ్చాడని అత్తగారు ఆ పేరే పెట్టింది. అదే, మీ మావయ్య. రోజుకి ఎన్నిసార్లు ఆ పేరు పెట్టి పిలిచానో నువ్వే అనుకో. అన్నానికి రా పానకాలూ. స్నానానికి లే పానకాలూ.

*

"మావయ్యకి నేను చెప్పనా అమ్మమ్మా?" అన్నాను. ఆ మధ్యాహ్నమంతా నేను అడిగిన రెండో మాట అదే.

*

నువ్వెందుకు చెప్పడం? నీకేం పని? వాణ్ణి రమ్మను. నేనే చెబుతాను. అత్తగారు లేదు, ఆయన లేరు, ఎవరు గెంటుతారు నన్ను ఇంక? వాడు అమ్మా అని పిలవడం మానేస్తే మానేస్తాడు. ఎనభై దాటినదాన్ని.

కాని ఆ పటం కింద జాలీలు లేని పెట్టె పెట్టనివ్వకు. నువ్వు కట్టావంటే అది ఇంక అట్టాగే ఉండిపోతుంది కదా, చూసినవాళ్ళందరూ ఆ గుమాస్తానే అనుకుంటారు. తొమ్మిది పలకలు వెయ్యి. గడ్డి పెట్టమని మాత్రం... ఏమో, అది నీ ఇష్టం.

చల్లగా ఉండు తల్లీ. నీ చెయ్యి అబద్ధం కట్టకుండా ఉండాలి. ఎవరు చెప్పారని అడిగితే దాచకు. నా పేరు చెప్పు. సగం కాదు, మొత్తం చెప్పు...

*

మావయ్య ఆ మర్నాడు వచ్చాడు. ఆవిడ చెప్పినంతసేపూ గుమ్మంలో నిలబడే విన్నాడు. చెప్పడం అయ్యాక చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. వ్యాగన్ పూర్తయింది. పాత ఇటుక రంగు వేశాను, ఒక్కో వైపు రెండేసి జాలీలు పెట్టాను. దాన్ని తీసుకెళ్ళడానికి మావయ్య ఇంతవరకూ రాలేదు.

ఈ సంగతి నాకు మొదట చెప్పినది మా అమ్మమ్మ సీతారావమ్మ. ముసునూరు ఆడపడుచు, నూజివీడు కోడలు, ఆ జాలీలు మూసిన మనిషి. ఇట్లాగే, మొత్తం రాయమంది.