ఎదుగుతున్న మోకాలు

దీవిలోని డిగ్నాబాద్ క్లినిక్‌లో డాక్టర్ బెన్‌హర్ ఎక్స్‌రేని వెలుగుకెత్తి చూశాడు. అరవయ్యేళ్ల ప్రేమావతి కుంటుతూ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఈ మోకాలు మీదేనా, ఆంటీ?"

"బిల్కుల్ నాదే! ఫిల్మ్ మీద నా పేరు లేదా, బాబూ?"

డాక్టర్ ఆమె కుంటుతున్న కుడికాలి మోకాలిని నొక్కాడు. కాసేపాగి "అబ్బా!" అంది.

"ఫిల్మ్ ఎడమకాలిది."

"రెండూ నొప్పే."

"ఇందులో ఎముక ఇంకా ఎదుగుతోంది. ఇది పదమూడేళ్ల పిల్ల మోకాలు."

ఆమె చూపు బయట ఆగిన ఆటోలోని మనవరాలి మీదికి పోయింది.

"విరిగిందా?"

"సన్నగా చీలింది."

"సోమవారం ఓడెక్కి, వైజాగ్‌లో ఫుట్‌బాల్ ఆడొచ్చా? నువ్వు వద్దని రాస్తే టీంలోంచి పేరు కొట్టేస్తారు."

"ఎవరి పేరు?"

"నాదే."

"సరే, కట్టు వేస్తాను. ఆటోలో కూర్చున్న మీ కాలిని లోపలికి పిలవండి."