దానమ్మ కంట్లో తేటనీళ్ళు

దానమ్మ కన్ను పడితే తాలుకాయ తప్పించుకునేది కాదంట. తాలంటే తెలుసుగా, రంగుపోయి తెల్లబడిన మిరపకాయ. కల్లంలో ఆడోళ్ళు బారుగా కూచుని మంచికాయ ఓ పక్కకి, తాలు ఓ పక్కకి ఏరతారు. ఆ కన్నే దానమ్మకి కూడూ గుడ్డా అనుకో. ఒకనాడు ఏమైందంటే, గాలి కొట్టి కారం దుమ్ము ఎడం కంట్లో పడింది. నీళ్ళు కారితే మంట కొట్టుకుపోద్దని కల్లంలో అందరి నమ్మకం. దానమ్మ ఆ కారం చేత్తోనే నలిపింది. నలిపినకొద్దీ కారింది, కారినకొద్దీ నలిపింది. నాలుగు రోజులు అదే పని.

నాలుగోనాటికి కన్ను నిప్పుకణిక. ఎండ చూడలేక రెండో కన్నూ మూసుకుపోయేది, ఎటు చూసినా మంచు కమ్మినట్టే. చెబితే పనిలోంచి లేపేస్తారని నోరు మెదపలా. పక్కన నాగులు కూచునేది, ఏరుడులో ఈమెకి పోటీ, దెప్పకుండా పూట గడవదు. "ఏందొదినా, ఎర్రటి కాయలు తాలులో పోస్తన్నావ్? కోపం కాయల మీదా, మా అన్న మీదా?" అంది. దానమ్మ నవ్వలా. "అన్నీ తాలుగానే అవుపడతన్నయ్యే నాగులూ" అందంట. అంతే! నాగులు ఆ తాలులోంచి మంచికాయలన్నీ వెనక్కి ఏరిపెట్టి, చెయ్యిపట్టి లేపి, ఆటో ఎక్కించి కంటి డాక్టరమ్మ ముందు కూచోబెట్టింది.

డాక్టరమ్మ లైటేసి చూసి, "బయటికి కారేది కన్నీళ్ళమ్మా, అది వేరు. నల్లగుడ్డు పైపొర వెనకాల ఇంకో రకం నీళ్ళుంటయ్, తేటగా. అవి లోపలే ఊరి, సన్న జల్లెడ లాంటి దారిన పోతుంటయ్. నువ్వు నలిపి నలిపి కన్ను రాజేశావ్. లోపలి రక్తనాళాలు వదులై, రక్తంలో చిక్కదనం ఆ తేటనీళ్ళలోకి దిగింది. అందుకే మసక. ఆ జల్లెడ పూడిందంటే నీళ్ళు నిలిచి కన్ను రాయల్లే బిగుసుకుపోద్ది" అంది. "కన్ను పోద్దా అమ్మా?" అంది దానమ్మ, నాగులు చెయ్యి వదలకుండా. "ఇంకొన్నాళ్ళు నలిపుంటే పోయేదేమో. తీసుకొచ్చినామెకి దణ్ణం పెట్టుకో" అని చుక్కల మందిచ్చింది.

వేళ తప్పకుండా నాగులే వచ్చి చుక్కలేసేదంట, తిట్టుకుంటానే. మళ్ళీ చూపించుకుంటే, నీళ్ళు తేటబడ్డయ్యంది డాక్టరమ్మ. దానమ్మ బయటికొచ్చి నాగులు మొహం రెండు చేతుల్లో పట్టుకుని, "నీ ముక్కుపుడక రాయి పచ్చదే! ఇన్నేళ్ళూ కాయల్నే చూశానే, నిన్ను చూళ్ళేదే" అని ఏడ్చిందంట. నాగులు కంగారుపడి, "ఏడిస్తే ఏడువు గానీ, నలిపావో చెయ్యిరగ్గొడతా" అంది.

చూశారా, దెప్పే మనిషే దారి చూపింది. అట్టాంటోళ్ళు పక్కనుండబట్టే మనం ఇట్టా చూస్తా తిరుగుతున్నాం, చల్లగా ఉండాల వాళ్ళు. ఇదిగో వెంకాయమ్మా, ఎదురుగా కూచుని ఇంత విన్నా కన్ను నలుపుకుంటానే ఉన్నావ్... తియ్యవమ్మా చెయ్యి!