రేవులో ఊరు అడిగే మనిషి

1991 ఆగస్టు పన్నెండవ తేదీన యానాం మత్స్యశాఖ కార్యాలయంలో గుమాస్తాగా ప్రవేశించిన శ్రీ శాంతిరాజు గారు ఈ నెలాఖరున పర్యవేక్షకులుగా పదవీ విరమణ చేస్తున్నారు. ఫరంపేటలో ఉపాధ్యాయ దంపతులకు జన్మించిన వీరికి తొలినాళ్లలో సముద్రమంటే భయం. పడవ ఎక్కితే చాలు రెండు చేతులా అంచు పట్టుకుని కూర్చునేవాడినని తామే చెప్పేవారు. అయినా తనిఖీకి వెళ్లవలసిన రోజున ఎన్నడూ సాకు వెతకలేదు.

2014 జూలైలో, భారత, బంగ్లాదేశ్‌ల నడుమ దశాబ్దాలుగా నలిగిన సముద్ర సరిహద్దు వివాదం అంతర్జాతీయ మధ్యవర్తిత్వంతో పరిష్కారమైంది. ఉభయ దేశాలూ తీర్పును శిరసావహించాయి, అది హర్షించదగినదే. అయితే నీటి మీద ఆ గీత ఎవరికీ కనబడదు. ఇంజను ఆగిన పడవ ప్రవాహం లాగిన వైపే పోతుంది. ఆ కొత్త గీతను యానాం శివారు దరియాలతిప్ప మత్స్యకారులకు వివరించే బాధ్యత శాంతిరాజు గారిపై పడింది.

కొన్నేళ్లకు ఆ ఊరి వీరబాబు, కాకినాడ వారి మరపడవలో ఉత్తరాన బెంగాల్ తీరం వైపు వేటకు వెళ్లాడు. ఇంజను చెడి పడవ గీత దాటింది. అందరినీ అవతలి దేశపు జైల్లో పెట్టారు. నెలల తరువాత తోటివారంతా విడుదలై వచ్చారు, వీరబాబు రాలేదు. ఎందుకని శాంతిరాజు గారు నిలదీస్తే, అతనితో పట్టుబడిన కాకినాడ మనిషి పెదబాబు తల దించుకున్నాడు.

“ఊరేదని అడిగితే ఆడు కాకినాడని చెప్పేసేడండి. యానామంటే ఆళ్లకేం తెలుస్తాదని. బయటికెళ్తే మీ యానామోళ్లంతా అలాగే కదండీ చెప్పుకుంటారు.”

అదే కొంప ముంచింది. ఇతడు భారతీయుడేనా అన్న విచారణ కాకినాడకు వెళ్లింది. అక్కడ అటువంటి మనిషే లేడు. చుట్టూ ఆంధ్ర ఉన్నా మన యానాం పుదుచ్చేరిలోనిదన్న సంగతి ఆ జైల్లో ఎవరికి తెలుస్తుంది? వీరబాబు భార్య నాగమణిని వెంటబెట్టుకుని, సొంత సెలవులు పెట్టుకుని, శాంతిరాజు గారు పుదుచ్చేరి, ఢిల్లీ తిరిగారు. చివరకు అతడు భారతీయుడేనన్న ధ్రువీకరణ వెళ్లింది. అది చేరేసరికి వీరబాబు కామెర్లతో కన్నుమూశాడు.

శవపేటిక కోసం సరిహద్దు దాకా వెళ్లిందీ వీరే. పెట్టె మీద కాకినాడ అని రాసి ఉంది. “గీత ఎక్కడుందో చెప్పాను గాని, ఊరు ఏం చెప్పాలో చెప్పలేదు” అన్నారు. వెంటనే రంగు తెప్పించి, ఆ మాట కొట్టివేసి, ‘దరియాలతిప్ప, యానాం’ అని స్వహస్తాలతో రాశాకే పెట్టెను బండి ఎక్కనిచ్చారు.

నాటి నుండి రేవులో ఏ పడవ కదిలినా ఆయన అడిగేది ఒకటే: “ఏ ఊరయ్యా మీది?” దరియాలతిప్ప, యానాం, పుదుచ్చేరి, ఇండియా అని ప్రతివాడూ గడగడా అప్పజెప్పవలసిందే. పెళ్లి భోజనాల్లో ఆయన కనబడితే చాలు, అడగకముందే ఊరు చెప్పి ఆటపట్టించేవారు. ఆయన మాత్రం నవ్వేవారు కాదు.

మొన్న వీడ్కోలు సంగతి తెలిసి నాగమణి కార్యాలయానికి వచ్చింది. ఆమె తమ్ముడు ఇప్పుడు మరపడవ మీదే వెళుతున్నాడు.

“ఇంక మావోళ్లని ఎవరడుగుతారండీ?” అంది.

“అడగడానికి ఉద్యోగం ఎందుకమ్మా, నేనే వస్తాను” అన్నారు శాంతిరాజు గారు.

విరమించే వారికి విశ్రాంతిని కోరడం ఆనవాయితీ. వీరికి మేమది కోరలేకపోతున్నాము; వీరి సతీమణి ఎస్తేరు గారు మన్నించాలి. శ్రీ శాంతిరాజు గారు సంపూర్ణ ఆరోగ్యంతో, కాళ్లు ఆడినంత కాలం రేవున నిలబడి ఊరు అడుగుతూనే ఉండాలనీ, జవాబు చెప్పి వెళ్లిన ప్రతి మనిషీ ప్రాణాలతో ఆ ఊరికే తిరిగి రావాలనీ మనసారా కోరుకుంటున్నాము.