దొడ్డి చూసినట్టు బడి చూసిన యలమంద

యలమంద అని పక్కూళ్ళో గొర్రెల కాపరి ఒకడుండేవోడంట. ఉండేవోడంట ఏంది, ఇప్పటికీ ఉన్నాడు, నేనెరిగిన మనిషే, కానీ కథంటే అట్టానే మొదలెట్టాలి గదా. భుజాన గొంగడి, చేతిలో కర్ర, మాట మాత్రం మహా తక్కువ. గొర్రెలతో తప్ప మనుషులతో నాలుగు మాటలాడాడంటే ఆ పూటకి ఎక్కువే అనుకో. ఆయన పెళ్ళాం తిరపతమ్మ. ఆయన మిగిల్చిన మాటలన్నీ ఆమే మాట్లాడిద్ది. వాళ్ళకి ఒక్కతే కూతురు, శివపార్వతి, అయిదో తరగతికి వచ్చింది. ఏమైందంటే, ఊరి బడి పంతులమ్మ ఆ పిల్ల చేత గురుకులం పరీక్ష రాయించింది. ఆ పరీక్షకి బస్సులకి బస్సులు దిగుతారు పిల్లలు. అంతమందిలో ఈ పిల్లకి సీటొచ్చింది. గురుకులమంటే మీకు తెలుసుగా, గవర్నమెంటోళ్ళది, తిండీ బట్టా వాళ్ళే చూస్తారు, చదువు గట్టిగా చెప్తారు, అయితే పిల్లని ఆడే వదిలి రావాలి. సరిగ్గా అప్పుడే టౌను నించి కాన్వెంటు సారు ఒకాయన మోటారు సైకిలేసుకుని ఇల్లిల్లూ తిరుగుతా వీళ్ళింటికీ వచ్చాడంట. పచ్చ బస్సు మీ వీధి మొగదాకా వచ్చిద్ది, పొద్దున ఎక్కిస్తే సాయంత్రానికి పిల్ల మీ కళ్ళ ముందుంటది, ఏం ఆలోచించబాకండి, అన్నాడంట. కళ్ళ ముందుంటది అన్న ఆ ఒక్క మాట యలమంద చెవిలో పడి ఆడే కూర్చుంది.

ఇంక చూడు ఇంట్లో గోల. కష్టపడి తెచ్చుకున్న సీటయ్యా, వదిలితే మళ్ళీ వచ్చేది కాదు, అని తిరపతమ్మ. నేను గురుకులానికే పోతా నాయనా, అని పిల్ల. బళ్ళు అప్పటికే తెరిచారు, బుధవారం లోపల చేర్చకపోతే ఆ సీటు ఇంకో పిల్లకి పోద్దని కబురు కూడా వచ్చింది. ఈయనేమో, ఆగండే, నేను చూసొచ్చి చెప్తా, అన్నాడంట. ఏం చూస్తాడు? అక్షరం ముక్క రాదు. కానీ చోటు చూడటం వచ్చు. కొత్త ఊళ్ళో మందని దొడ్డిలో తోలాలంటే కాపరి ఏం చేస్తాడు, తడిక కాడ నిలబడి గొర్రెల అరుపు వింటాడు. కమ్మగా లోపలికి పోయి పడుకున్నాయా, అది మంచి దొడ్డి. వాకిట్లో ఆగిపోయి అదే పనిగా అరిచాయా, లోపల పామన్నా ఉండాలి, తోడేలు వాసనన్నా తగిలుండాలి. ఇది వాళ్ళ తాతల నాటి లెక్క, తప్పేది కాదు, గొర్రెల మటుకు.

ఆదివారం పొద్దువాలాక పోయాడంట గురుకులం కాడికి. పోయి గేటు బయట కర్రానించుకుని నిలబడ్డాడు. ఆ రోజు ఏందంటే, తల్లిదండ్రులు పిల్లల్ని చూడ్డానికొచ్చే ఆదివారం, అదీ బడి తెరిచాక మొదటి ఆదివారం, అదీ ఇంక చాలు పోండమ్మా అని గంట కొట్టే వేళ. ఆ సంగతి ఈ మహానుభావుడికేం తెలుసు. గేటుకి ఇవతల తల్లులు, అవతల పిల్లలు. ఒకతి అమ్మా అంటది, ఒకతి నేనూ వస్తా అంటది, ఊచలు పట్టుకుని వదలదు ఇంకోతి. అంతమంది పిల్లలు ఒక్కసారి ఏడుస్తుంటే యలమంద కర్ర తీసుకుని వెనక్కి తిరిగాడు. ఓరి దేవుడో, ఇందులో ఏదో ఉందిరా, నా బిడ్డని చచ్చినా ఇందులో తోలను, అనుకున్నాడంట. మళ్ళా మర్నాడు టౌనుకి పోయాడు, కాన్వెంటు చూడ్డానికి. అదీ సాయంత్రమే, మంద మళ్ళేసి పోవాలి గదా. పోయేసరికి గంట కొట్టారు. పిల్లలు చూడు, బిలబిలమంటా నవ్వుకుంటా ఎగురుకుంటా గేటులోంచి బయటకి ఉరికారు. ఆహా, ఎంత కులాసాగా ఉన్నారు, చోటంటే ఇదీ, అనుకున్నాడంట. ఒరే నవ్వబాకండి, మీరు మాత్రం ఇంటికి అట్టా ఉరకలేదా? పొద్దున్నే తడిక తీస్తే గొర్రెలు ఎట్టా దూకుతాయో ఆయనకి తెలీక కాదు. కూతురు కాడికొచ్చేసరికి ఆ తెలివి ఎటో పోయింది. లేదా పోనీలే అని ఆయనే వదిలేశాడు, ఎవరు చెప్పొచ్చారు.

ఇంటికొచ్చి, పిల్లని కాన్వెంటులోనే వేస్తన్నా, పొట్టేళ్ళనమ్మయినా ఫీజు కడతా, అనేశాడంట. తింటా తింటా ఉన్న పిల్ల చెయ్యి కడిగేసుకుని లోపలికి పోయింది. తిరపతమ్మ మాత్రం కదల్లేదు. ఎందుకూ అంది. ఆడ పిల్లలు ఏడుస్తన్నారే, ఆ చోటు మంచిది కాదు, అన్నాడు. ఏ పొద్దు పోయావు? పొద్దు గూకేటప్పుడు. ఎవరెవరున్నారు ఆడ? తల్లులున్నారు, తండ్రులున్నారు. మరి కన్నోళ్ళు వదిలేసి పోతుంటే పిల్లలు ఏడవరంటయ్యా? చోటు మంచిదయితే ఎందుకేడుస్తారే, అని ఈయన మొండికేశాడంట. అప్పుడామె అంది గదా, ఏటా వానలు పడంగానే మందని కొండలకి తోలుకుపోతావే, మళ్ళీ కోతలయితే గాని రావే, నువ్వు పోయే రోజు నేనూ నీ కూతురూ గుమ్మంలో నిలబడి ఏడుస్తాం. అయితే మనింట్లో తోడేలుందా?

యలమందకి ఆ ఏడుపు సంగతే తెలీదు. ఎందుకంటే, కాపర్లలో ఒక కట్టుబాటుంది. మంద కదిలిందంటే కాపరి వెనక్కి తిరిగి చూడకూడదు, చూస్తే దారిలో జీవాలు తప్పిపోతాయంట. ఆ మనిషి ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా వెనక్కి చూళ్ళేదు. మీరు ఏడుస్తారా, అని అడిగాడంట, చిన్నపిల్లోడిలాగా. ఆ, ఏడుస్తాం, మాపటికి మానేస్తాం, నేను కూడొండాలి, దానికి లెక్కలుంటాయి, అంది తిరపతమ్మ. ఇంక ఆయనకి కూడు సయించలేదు. లేచి లోపలికి పోయి, అమ్మాయ్, నేను మందతో పోతే నువ్వు ఏడుస్తావా, అన్నాడు. ఏడుస్తా నాయనా. మరి ఆ గురుకులానికి పోతే? ఆడా ఏడుస్తా. మరెట్టానే? ఏడుస్తా, అయినా పోతా, అందంట ఆ పిల్ల. ఇంతుంది పిల్ల, ఆ మాట చూడు.

బుధవారం పొద్దున్నే పెట్టె నెత్తిన పెట్టుకుని తనే పిల్లని గురుకులానికి తీసకపోయి చేర్పించి వచ్చాడు. తర్వాత వానలు పడ్డాయి, చేలల్లో పైర్లేశారు, మంద కదలాల్సిందే. ఏటా పడమటి కొండలకి పోయే మంద, ఆ ఏడు ఉత్తరం దిక్కుకి తిరిగింది. తోటి కాపర్లు, ఇటేందిరా, ఇటు మేతేముంది, అని తిట్టారంట. ఈ పక్క నీళ్ళు బాగుంటాయిరా, అన్నాడంట ఈయన. ఒక ఆదివారం నేనూ అటుగా వస్తా కళ్ళారా చూశా. గురుకులం గోడ పక్కన మంద, నీడన యలమంద, ఎదురుగా కూతురు కూర్చుని లొడలొడా ఏదో చెప్తంటే తలూపుతా వింటన్నాడు. ఏం బావా, ఇటొచ్చారే, అన్నా. నీళ్ళు బాగున్నాయి బావా ఈడ, అన్నాడు. నిజానికి ఆడ నీళ్ళెక్కడివి, అంతా రాతి నేల, చుక్క నిలవదు, గొర్రెలు నాలుకలు బయటపెట్టి నిలబడున్నాయి. అవును బావా, మంచి నీళ్ళు, అని చెప్పి నా దారిన నేనొచ్చా. ఏం చెప్పమంటారు మరి.